కార్యాలయపు చిట్టాలో గ్రంథపాతములు: కార్యగతి శోధనముపై ఒక విమర్శ

1. విషయప్రవేశము

ప్రభుత్వ కార్యాలయములలోని జాప్యమును గూర్చి మాటలాడనివారు మనలో లేరు. ఆ జాప్యము ఏ బల్లవద్ద, ఏ కాగితము కొరకు, ఎన్ని దినములు కలిగినదో కొలిచి చూపినవారు మాత్రము అరుదు. ఇట్టి కొలతకై ఇటీవలి పాతిక సంవత్సరములలో ఒక శాస్త్రము పెంపొందినది. ఆంగ్లమున దీనిని 'ప్రాసెస్ మైనింగ్' అందురు. మాటకు మాటగా 'ప్రక్రియా ఖననము' అని తెనిగింపవచ్చును గాని, ఖననమనగానే తెలుగువానికి శ్మశానము స్ఫురించును. కావున ఈ వ్యాసమునందు దానిని 'కార్యగతి శోధనము' అని వ్యవహరించుచున్నాను. కార్యము నడచిన గతిని వెదకి తెలిసికొనుటయే దాని పని గనుక ఈ పేరు అన్వర్థము కాగలదు.

తెలుగు బోధించు ఉపాధ్యాయునకు ఈ గణనశాస్త్ర విషయముతో నేమి పని యని కొందరడుగవచ్చును. దీనికి రెండు సమాధానములు కలవు. మొదటిది మన స్థితిని బట్టి చెప్పవలసినది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు బరంపురము, పర్లాకిమిడి ప్రాంతముల తెలుగువారు ఆ రాష్ట్రమున చేరిరి. 1953లో బళ్ళారి మైసూరులో కలిసినది. 1956లో భాషలను బట్టి రాష్ట్రములను పునర్వ్యవస్థీకరించినప్పుడు హోసూరు తమిళసీమయందే నిలిచినది. యానాము 1954లో ఫ్రెంచివారి చేతినుండి వెలువడి నేడు పుదుచ్చేరి ప్రభుత్వము క్రింద నున్నది. మగ్గమును నమ్ముకొని షోలాపురము చేరినవారిని విడిచినచో, మనలో పెక్కుమంది ఇల్లు కదలినవారు కారు. కార్యాలయపు భాషయే వారి చుట్టును మారినది. కార్యాలయమున కాగితము నడచు తీరు ఇట్టివారికి ఇతరులకంటె ఎక్కువగా పట్టవలసిన విషయము.

రెండవ సమాధానము వృత్తికి సంబంధించినది. కార్యగతి శోధనము ఎన్ని గణితసూత్రములను ధరించినను, దాని మూలద్రవ్యము ఎవరో వ్రాసిపెట్టిన ఒక చిట్టాయే. చిట్టా యనగా లిఖితపాఠము. లిఖితపాఠములలోని తప్పులను, లోపములను, మౌనములను గుర్తించుట భాషాపండితుల పని. ఆ దృష్టితో ఈ శాస్త్రము యొక్క గుణదోషములను విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

2. శాస్త్రస్వరూపము

ఈ శాస్త్రమునకు ప్రధానాచార్యుడు విల్ వాన్ డెర్ ఆల్స్ట్ అను డచ్చి పండితుడు. ఆయన ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయమున పనిచేయుచు 2004లో సహచరులతో కూడి 'ఆల్ఫా' యను గణనవిధానమును ప్రకటించెను. 2011లో ఆయన రచించిన ప్రామాణిక గ్రంథము వెలువడినది. 2016లో దానికి విస్తృతమైన ద్వితీయ ముద్రణము వచ్చినది. 2011లోనే ఐ ట్రిపుల్ ఈ సంస్థ పక్షమున నేర్పడిన కార్యబృందము ఈ శాస్త్రమునకొక ప్రకటనపత్రమును సమకూర్చినది. అందు 6 మార్గదర్శక సూత్రములును, పరిష్కరింపవలసిన 11 సమస్యలును కలవు. ఇంకను వెనుకకు పోయినచో, కార్ల్ ఆడమ్ పెట్రి అను జర్మను గణితజ్ఞుడు 1962లో సమర్పించిన సిద్ధాంతవ్యాసము కనబడును. ఏకకాలమున నడచు పనులను బొమ్మగా గీయుటకు ఆయన కల్పించిన వలవంటి చిత్రమే ఈ శాస్త్రమునకు లిపి యైనది.

విధానము సులభముగనే బోధపడును. చిట్టాయందు ప్రతి పంక్తిలోను మూడు విషయములుండవలెను: ఏ వ్యవహారము, ఏ పని, ఏ సమయము. పట్టా మార్పునకై వచ్చిన దరఖాస్తులను ఉదాహరణముగా గ్రహింతము. దరఖాస్తు అందుట, గ్రామాధికారి విచారించుట, సర్వేయరు కొలుచుట, తహసీలుదారు ఉత్తరువు చేయుట అను పనులు ప్రతి సంఖ్యకును తేదీలతో వ్రాయబడినవనుకొందము. ఒక పని వెంటనే మరియొక పని వచ్చి, దాని తలక్రిందులు ఎన్నడును రాకున్నచో, మొదటిది రెండవదానికి కారణమని యంత్రము గ్రహించును. కొన్నిటిలో విచారణ ముందును కొలత వెనుకను, మరికొన్నిటిలో కొలత ముందును విచారణ వెనుకను వచ్చినచో, ఆ రెండును ఒకదానిపై ఒకటి ఆధారపడినవి కావని, ఒకే కాలమున జరుగవచ్చునని తేల్చును. ఆల్ఫా విధానము యొక్క సారమింతియే. ఇట్లు వేలకొలది దరఖాస్తుల నుండి ఒక మార్గచిత్రము తయారగును.

అటుపిమ్మట మూడు ప్రయోజనములు కలుగును. చిట్టా నుండి వాస్తవమార్గమును కనుగొనుట మొదటిది. నియమావళిలోని మార్గముతో దానిని సరిచూచుట రెండవది. ఎక్కడ ఎంతకాలము ఆగినదో చూచి మార్గమును బాగుచేయుట మూడవది. వీనిని క్రమముగా అన్వేషణము, అనుసరణ పరీక్ష, సంస్కారము అనవచ్చును.

3. మన దేశమునందలి పూర్వరూపము

ఇది సర్వథా క్రొత్త భావన కాదు. చెన్నపురి రాజధానిలోని జిల్లా కార్యాలయములలో టాటెన్‌హామ్ అను అధికారి పేర ప్రసిద్ధికెక్కిన పద్ధతి గత శతాబ్దపు తొలిపాదమున అమలులోనికి వచ్చినది. ఆంధ్ర, తమిళ దేశముల రెవెన్యూ ఉద్యోగులు దానిని బాగుగా నెరుగుదురు. వచ్చిన ప్రతి కాగితమునకును ఒక 'కరెంటు' సంఖ్య యిత్తురు. ప్రతి గుమాస్తా వద్దను 'పర్సనల్ రిజిస్టరు' ఉండును. కాగితము ఎన్నడు చేరినది, ఎవరికి వ్రాసిరి, ప్రత్యుత్తరము ఎప్పుడు వచ్చినది, జ్ఞాపిక ఎప్పుడు పంపిరి, తుదకు ఎట్లు పరిష్కరించిరి అను విషయములు అందలి గడులలో నిండవలెను. పరిష్కృతమైన కాగితము ఎంతకాలము భద్రపరుపదగినదో తెలుపుటకు ఆర్. డిస్., డి. డిస్., కె. డిస్., ఎల్. డిస్. అను గుర్తులు వేయుదురు. వ్యవహారము, పని, సమయము అను మూడు అంశములును ఇందున్నవి గదా!

అయినచో భేదమేమి? పర్సనల్ రిజిస్టరు ఒక్క గుమాస్తా బల్లకు సంబంధించినది. దానిని తనిఖీ చేయు అధికారి ఆ బల్లవద్ద నిలిచిన కాగితములనే చూడగలడు. ఒకే దరఖాస్తు ఐదు కార్యాలయములు తిరిగినచో, ఐదు రిజిస్టరులను ఒకచోట పరచి చదువువాడు లేడు. ప్రతి బల్లయు తన గడువులోపలనే పని ముగించి యుండవచ్చును. దరఖాస్తుదారునకు మాత్రము సంవత్సరము గడచి యుండవచ్చును. కార్యగతి శోధనము ఈ రిజిస్టరులనన్నిటిని ఒక్క దారమున గ్రుచ్చి, కార్యాలయపు కన్నుతో గాక కాగితపు కన్నుతో చూచుచున్నది. దీని నిజమైన నూతనత్వమిదియే. దీనికి తగిన గౌరవము ఈయక తప్పదు.

4. గుణవిచారము

ప్రభుత్వసంస్థల చిట్టాలు కొన్ని పరిశోధకుల ఉపయోగార్థము బహిరంగపరుపబడినవి. వానిలో ఇటలీ దేశపు స్థానిక పోలీసువారి జరిమానాల చిట్టా సుప్రసిద్ధము. అందు 1,50,370 వ్యవహారములు, 5,61,470 సంఘటనలు కలవు. జరిమానా వ్రాయుట, పంపుట, నోటీసు అందినట్లు నమోదు చేయుట, అధికదండనము చేర్చుట, చెల్లింపు, అప్పీలు, వసూలు నిమిత్తము అప్పగించుట మున్నగు పనులు మొత్తము 11 రకములు. పదకొండు పనులతో ఎన్ని దారులు ఏర్పడవచ్చును? చిట్టాలో 231 దారులు కనబడినవి. అయినను అందు మూడే మూడు దారులలో నూటికి 82 వ్యవహారములు నడచినవి. నోటీసు, అధికదండనము ముగిసి వసూలునకు అప్పగింపబడినవి 56,482. వ్రాసిన వెంటనే చెల్లింపుతో ముగిసినవి 46,371. పంపుటతో ఆగినవి 20,385. మిగిలిన 228 దారులును తక్కిన 18 వంతులలో చిక్కుపడియున్నవి. సామాన్యులకు రాజమార్గమొకటి, చిక్కులుగలవారికి ముండ్లదారులు వేరని మనము ఊహతో చెప్పునది ఇచట లెక్కతో తేలినది.

2015లో నెదర్లాండ్సులోని ఐదు పురపాలక సంస్థల గృహనిర్మాణానుమతుల చిట్టాలు పరిశోధకుల ముందుంచబడినవి. ఐదింటికిని దేశశాసన మొక్కటే. అయినను పని నడచు తీరులలో భేదములున్నవి. శాసనమే జాప్యమునకు కారణమని చెప్పు అధికారికి ఇట్టి పోలిక మంచి సమాధానము. ఒకే శాసనము క్రింద పొరుగూరివారు తక్కువ మెట్లతో ముగించుచున్నచో, లోపము శాసనమునందు లేదని తేలును.

2018లో జర్మనీలోని రైతులకు ఐరోపా సమాఖ్య పక్షమున ఇచ్చు సహాయధనపు చిట్టా వెలువడినది. మూడు సంవత్సరములలో 43,809 దరఖాస్తులకు 25,14,266 సంఘటనలు నమోదైనవి. సగటున ఒక్కొక్క దరఖాస్తునకు 57. ధనము సంవత్సరాంతము లోపల ముట్టనివి ఏవి, ముగిసిన పిదప మరల తెరువవలసి వచ్చినవి ఏవి, అట్టివానిని ముందుగా గుర్తింపవచ్చునా యనునవి అచట పరిశోధకులనడిగిన ప్రశ్నలు. 2020లో ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయము తన ఉద్యోగుల ప్రయాణవ్యయముల చిట్టానే పరిశీలనకు పెట్టినది. స్వదేశ ప్రయాణముల కోరికలు 10,500 కాగా సంఘటనలు 56,437. ఈ శాస్త్రము పెరిగిన ఇల్లే తన లెక్కలను పరులకు చూపుట మెచ్చదగిన ఆచారము.

ఈ ఉదాహరణములవలన మూడు గుణములు స్పష్టమగుచున్నవి. ఇది అపవాదములకు మారుగా లెక్కలనిచ్చును. ఒక గుమాస్తా సోమరితనముగా తోచినది, రెండు కార్యాలయముల నడుమ కాగితము ప్రయాణము చేయు కాలమని చూపగలదు. ఒకదాని తరువాత ఒకటిగా నడపుచున్న పనులలో ఏవి కలిసి నడువవచ్చునో తెలుపగలదు. దీనిని కేవలము యంత్రవ్యామోహమని త్రోసివేయుట న్యాయము కాదు.

5. దోషవిచారము

దోషములలో మొదటిది పేరులోనే యున్నది. గనిలోని లోహము ఎవరును వ్రాసినది కాదు; ప్రకృతి నిక్షేపించినది. కార్యాలయపు చిట్టా అట్టిది కాదు. అది ఒకని చేతిమీదుగా, ఒక ఉద్దేశముతో, పైవాడు చూచునను ఎరుకతో వ్రాయబడినది. కావున దానిని గనితో పోల్చుటకంటె తాళపత్రప్రతితో పోల్చుట తగును. వాన్ డెర్ ఆల్స్ట్ తన గ్రంథమున మార్గచిత్రమును దేశపటముతో పోల్చి, ఏ ఊళ్ళను పెద్దవిగా చూపవలెను, ఏ వీధులను విడువవలెను అనునది పటకర్త వివేకముపై ఆధారపడునని చక్కగా చెప్పెను. ఈ ఉపమానము మనోహరమే. కాని దేశపటకర్త స్వయముగా నేలను కొలిచి గీయును. కార్యగతి శోధకుడు ఇతరులు వ్రాసిన యాత్రాలేఖలను చదివి గీయుచున్నాడు. ఉపమానమున ఈ భేదము మరుగుపడినది.

సి. పి. బ్రౌను ఒక కావ్యమును పరిష్కరింపబూనినప్పుడు ఒక్క ప్రతితో తృప్తి చెందలేదు. పలుచోట్ల నుండి ప్రతులను తెప్పించి, పండితులను నియోగించి, పాఠములను సరిచూపించెను. ఏలయనగా ప్రతి యొక్కటియే యైనచో అందలి తప్పు తప్పుగా తోచదు; ఆకు ఒకటి జారిపోయినచో, జారినదను సంగతియే తెలియదు. దీనినే మన పండితులు గ్రంథపాతమందురు. కార్యాలయపు చిట్టా ఏకైకప్రతి. దరఖాస్తుదారుని వద్ద దానికి సరిచూచుటకు రెండవ ప్రతి లేదు.

ఈ శాస్త్రజ్ఞులు దీనిని సర్వథా విస్మరింపలేదని చెప్పుట ధర్మము. పైన చెప్పిన ప్రకటనపత్రమున చిట్టాల నాణ్యమును ఐదు నక్షత్రములతో కొలిచిరి. చేతితో వ్రాసిన చిట్టాలకు ఒక్క నక్షత్రమునే యిచ్చి, అందు సంఘటనలు లోపించియుండవచ్చునని హెచ్చరించిరి. ఇది వివేకమే. కాని అచట లోపించినది పంక్తి. ఆరంభమే లేని వ్యవహారమును గూర్చి ఏ నక్షత్రమును చెప్పజాలదు. సంఖ్య యే ఈయబడని దరఖాస్తు ఉత్తమ గణనయంత్రపు చిట్టాలోను కనబడదు.

రెండవ దోషము: చిట్టా క్రమమును చెప్పును, కారణమును చెప్పదు. ఇటలీ చిట్టాలో పంపుటతో ఆగిన 20,385 జరిమానాలను మరల స్మరింతము. అవి అందలేదా, చెల్లింపు మరియొక చోట జరిగినదా, చిట్టా కాలము ముగియుటచే తెగిపోయినవా? ఆ పంక్తులు మాత్రమే చదివినవానికి సమాధానము లేదు. అట్లే నియమమును దాటిన ప్రతి నడకయు తప్పు కాదు. చదువురాని వృద్ధురాలికి గడువు దాటిన పిదప గూడ ఒక తూరి విచారణకు అవకాశమిచ్చిన అధికారి, అనుసరణ పరీక్షయందు దారితప్పినవాడగును. ఆమెను త్రోసివేసినవాడు అందు నిర్దోషి యగును. యంత్రము చూపిన భేదమునకు దయ యని పేరు పెట్టవలెనా, దోషమని పేరు పెట్టవలెనా యనునది మనుష్యుడే విచారింపవలసిన విషయము.

మూడవ దోషము ఇంకను లోతైనది. పార్కిన్సన్ 1955లో వ్రాసిన వ్యాసమున, పని తగ్గినను ఉద్యోగులు పెరుగుదురని ఆంగ్లనౌకాశాఖ లెక్కలతో చూపెను. 1914లో 62 మహానౌకలుండగా 1928 నాటికి 20 మాత్రమే మిగిలినవి. ఆ కాలముననే కార్యాలయాధికారులు 2,000 నుండి 3,569కి పెరిగిరి. ఆ నౌకాశాఖ చిట్టాను నేటి యంత్రమున కెక్కించినచో, ఆ అధికారులు పరస్పరము పంపుకొను కాగితములు శీఘ్రముగా నడచు ఉపాయమును అది తప్పక చెప్పియుండును. ఆ కాగితములు అక్కరలేదని మాత్రము చెప్పి యుండదు. మెట్టు ఎంత త్వరగా ఎక్కవచ్చునను ప్రశ్న వేరు, మెట్టు ఉండవలెనా యను ప్రశ్న వేరు. 2014లో కేంద్రప్రభుత్వము గెజిటెడు అధికారి సంతకమునకు మారుగా స్వీయధ్రువీకరణమును ప్రోత్సహించినది. దానికి ఏ మార్గచిత్రమును అవసరము కాలేదు. ఈ సంతకమువలన ఎవరికి లాభమని అడుగుటయే చాలినది. కార్యాలయభారము తగ్గించిన సంస్కారములలో ఇట్టి ప్రశ్నలకు గల స్థానమును శోధకులు మరువరాదు.

నాల్గవ దోషము న్యాయమునకు సంబంధించినది. చిట్టాలో కాలముద్ర పడునది సామాన్యముగా క్రింది గుమాస్తా పనికే. అతడు కాగితమును ఎప్పుడు తెరచెను, ఎప్పుడు మూసెను అను లెక్క క్షణములతో సహా తెలియును. పైన జరుగు మౌఖికచర్చలకు, 'కొంచెము ఆగుడు' అను మాటకు కాలముద్ర లేదు. కావున నింద క్రిందికి జారును. నింద జారిన చోట మనుష్యుడు తన్ను కాపాడుకొనును. పని కాకున్నను గడువునకు ముందే ఏదో యొక కొర్రీ వేసి కాగితమును తిప్పిపంపుట అతనికి సులభమార్గముగా తోచును. చిట్టా నిర్మలమగును, జనుని తిరుగుడు తగ్గదు.

6. మన కాగితము ఎచట ఆగును?

మన దేశమున ఈ శాస్త్రమునకు నేల సిద్ధమైనది. 2010లో మధ్యప్రదేశము మొదటగా ప్రజాసేవల హామీ శాసనమును చేసినది. కర్ణాటకమున 2011 నాటి శాసనము ననుసరించి 2012లో 'సకాల' పథకము ఆరంభమైనది. ఒడిశాలో 2012లోను, మహారాష్ట్రమున 2015లోను ఇట్టి శాసనములే వచ్చినవి. సకాలమున ప్రతి దరఖాస్తునకును రసీదు సంఖ్య యిత్తురు. గడువు దాటినచో దినమునకు 20 రూపాయల చొప్పున 500 రూపాయలకు మించకుండ దరఖాస్తుదారునకు పరిహారము చెల్లవలెనని నిర్ణయించిరి. సంఖ్య, పని, తేదీ మూడును కలవు గనుక ఈ రాష్ట్రములలోని చిట్టాలు శోధనమునకు యోగ్యములే.

కాని గడియారము సంఖ్య యిచ్చిన పిమ్మటనే తిరుగ నారంభించును. సంఖ్యకు ముందు గడచిన కాలము ఎవరి లెక్కలోను లేదు. మా పాఠశాలలోని ఒక బాలుని తండ్రి ధ్రువపత్రము కొరకు తెలుగులో వ్రాసిన అర్జీని ఒక కార్యాలయమునకు కొనిపోయెను. రాష్ట్రభాషలో వ్రాయించి తెమ్మని నోటిమాటగా చెప్పి పంపిరి. అర్జీలు వ్రాయువానికి రుసుమిచ్చి వ్రాయించుకొని పోగా, పేరులోని అక్షరములు పాఠశాల పత్రముతో కలియలేదని మరల పంపిరి. మూడవసారి అర్జీ పుచ్చుకొని సంఖ్య యిచ్చిరి. ధ్రువపత్రము గడువు లోపలనే వచ్చినది. ఆ తండ్రి పోగొట్టుకొన్న కూలిదినములు మూడు. చిట్టాలో జాప్యము సున్న.

ఇచట గుమాస్తాను దుష్టుడనుట నా ఉద్దేశము కాదు. అతనికి తెలుగు రాదు. చదువజాలని కాగితమునకు సంఖ్య వేసినచో గడువు భారము అతనిపై పడును. తెలుగు పేరులు పరలిపిలో పలు రూపములు దాల్చుటయు సత్యమే. తమిళలిపిలో గకార కకారములకు ఒకే అక్షరముండుటచే, అచటి పత్రము నుండి ఆంగ్లమునకు మరల వచ్చిన పేరు వేరొకని పేరువలె కనబడవచ్చును. ఇది వ్యక్తిదోషము కాదు, మార్గదోషము. మార్గదోషమును కనుగొనుటకే పుట్టిన శాస్త్రము దీనిని చూడలేకపోవుట విచారింపదగినది.

రాజ్యాంగము 350వ అధికరణము ప్రతి మనుష్యునకును కష్టనివారణ కొరకు కేంద్రమునందు గాని, ఆ రాష్ట్రమునందు గాని వ్యవహారమున నున్న ఏ భాషలోనైనను వినతిపత్రము సమర్పించుకొను హక్కును ఇచ్చినది. 1956 నాటి ఏడవ సవరణమువలన చేరిన 350-ఎ అధికరణము ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. 350-బి భాషాల్పసంఖ్యాకుల కొరకు ప్రత్యేకాధికారిని ఏర్పరచినది. ఈ హక్కుల హద్దులను గూడ గుర్తింపవలెను. 350వ అధికరణము కష్టనివేదనమును గూర్చి చెప్పినదే గాని, ప్రతి నమూనాపత్రమును తెలుగులో నింపవచ్చునని చెప్పలేదు. తెలుగులోనే ప్రత్యుత్తరము రావలెననియు చెప్పలేదు. అయినను సమర్పించుకొను హక్కు అనగా పుచ్చుకొనబడు హక్కనియే అర్థము. పుచ్చుకొనకుండ త్రిప్పిపంపిన దానికి ఆనవాలు లేకున్నచో, ఆ హక్కు ఉల్లంఘింపబడినదని నిరూపించుట ఎట్లు? భాషాల్పసంఖ్యాకుల అధికారి నివేదికలును ముఖ్యముగా రాష్ట్రప్రభుత్వములు పంపు సమాధానములపై ఆధారపడి కూర్పబడునవి. అనగా అచటను ఏకైకప్రతియే. చిట్టాలో లేని కష్టము నివేదికలోనికి రాదు. నివేదికలో లేనిది చర్చకు రాదు. ఈ గ్రంథపాతమువలన నష్టపడువారు మనమే.

7. కర్తవ్యము

కావున కార్యగతి శోధనమును మనము వ్యతిరేకింపవలసిన పని లేదు. దాని చిట్టాను పూరింపుమని కోరవలెను. మొదటి కోరిక: సంఖ్య తలుపువద్దనే యీయవలెను. కాగితము ఏ భాషలోనున్నను, అసంపూర్ణమైనను, చేరినదని ఒక రసీదు ఈయవలెను. రెండవది: చిట్టాలో అర్జీ భాషకు ఒక గడి, త్రిప్పిపంపిన కారణమునకు ఒక గడి యుండవలెను. ఈ రెండు గడులున్నచో, ఒక భాషవారి కాగితములు ఇతరులకంటె ఎక్కువసార్లు తిరుగుచున్నవా యను ప్రశ్నకు ఈ శాస్త్రమే ఒక్క దినమున సమాధానము చెప్పగలదు. అప్పుడు అది మనకు మిత్రమగును. మూడవది: కార్యాలయమునందు గడచిన దినములతో పాటు జనుడు వచ్చిపోయిన సారులను గూడ లెక్కింపవలెను. నాల్గవది: మార్గచిత్రమును చూచి మెట్లను వేగిరపరచుటకు పూర్వము, ప్రతి మెట్టునకును ఆధారమైన నియమమేదియో అడుగవలెను, ఆధారము లేని మెట్టును తీసివేయవలెను.

ఇవి ప్రభుత్వము చేయవలసినవి. మన సంఘములు చేయదగినది యొకటి కలదు. బ్రౌను పలుప్రతులను కూర్చినట్లు, మనము రెండవ ప్రతిని సిద్ధము చేయవలెను. ప్రతి తెలుగు పాఠశాలలోను, ప్రతి సంఘకార్యాలయములోను ఒక పుస్తకముంచుట కష్టము కాదు. మొదటి తూరి వెళ్ళిన తేదీ, అర్జీ భాష, చెప్పిన కారణము, మరల వెళ్ళిన తేదీలు, రసీదు సంఖ్య, పని ముగిసిన తేదీ అను ఆరు గడులు చాలును. అర్జీదారుల పేరులు అందు అక్కరలేదు; వారి ఏకాంతమును కాపాడుట మన ధర్మము. దూషణ వ్రాయరాదు, ఊహ వ్రాయరాదు, జరిగినదే వ్రాయవలెను. అనుకూలముగా జరిగిన పనులను గూడ విడువక వ్రాయవలెను. లేకున్నచో మన ప్రతియు పక్షపాతదూషితమగును. సంవత్సరాంతమున ఈ పుస్తకములను ఒకచోట చేర్చినచో, ప్రభుత్వపు చిట్టాతో సరిచూడదగిన పాఠము ఏర్పడును. హోసూరున జరిగినది బరంపురమున జరిగినదానితోను, షోలాపురమున జరిగినది యానామున జరిగినదానితోను పోల్చి చూడనగును. డచ్చి పురపాలక సంస్థలను పోల్చినవారికి కలిగిన ప్రయోజనమే మనకును కలుగును: ఒకచోట సాధ్యమైనది మరియొకచోట ఏల సాధ్యము కాలేదని అడుగుటకు ఆధారము దొరకును.

శాస్త్రము వ్రాసియున్న దానిని చదువును. వ్రాయబడని దానిని వ్రాయించుట సమాజముయొక్క పని. వినతిపత్రములను తీర్మానములను పంపుటయందు మన సంఘములకు ఎంతో అనుభవము కలదు. వానికి తేదీలతోడను సంఖ్యలతోడను కూడిన బలమును చేకూర్చుట ఇకమీదటి కర్తవ్యము. ఈ సూచనలోని యుక్తాయుక్తములను విజ్ఞులగు చదువరులు విచారించి, తగునని తోచినచో రానున్న విద్యాసంవత్సరము నుండియే ఆ పుస్తకమును తెరతురుగాక.